కరిచే ఫజ్ టోన్: యాంప్ మోడలర్‌లో నేను సెట్ చేసే పద్ధతి

గిటార్ శబ్దాన్ని బాగా చెదరగొట్టి గరగరలాడించే ఎఫెక్ట్ ఫజ్. యాంప్, పెడల్, స్పీకర్ల పనిని డిజిటల్‌గా చేసే పెట్టె యాంప్ మోడలర్, అందులో ఒక్కో ఎఫెక్ట్ ఒక్కో బ్లాక్. ఫజ్ బ్లాక్ పెట్టగానే గెయిన్‌ని (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పదికి తిప్పేసేవాళ్లే ఎక్కువ. హెడ్‌ఫోన్స్‌లో వింటే అదిరిపోతుంది. కానీ రిహార్సల్‌కి వెళ్లి డ్రమ్మర్ మొదలుపెట్టాక చూడండి, గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పైభాగం సింబల్స్‌ది, కింది భాగం బేస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. గిటార్‌కి మిగిలేది మధ్య భాగం ఒక్కటే. మనం చేసిన ప్రీసెట్‌లో (దాచుకున్న సెట్టింగ్‌లో) సరిగ్గా ఆ భాగమే ఉండదు. ఫజ్‌కి దూకుడు గెయిన్‌తో రాదు. మిడ్స్‌తో, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలతో వస్తుంది, నోటు ఎంత చురుగ్గా మొదలై ఎంత ఖచ్చితంగా ఆగుతుందన్న దాంతో వస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే.

మాది గిటార్, బేస్, డ్రమ్స్‌తో ముగ్గురి బ్యాండ్. ఉండేది సికింద్రాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో కాబట్టి ఇంట్లో వాల్వ్ యాంప్ గట్టిగా పెట్టే వీలు లేదు. షోలలో కూడా స్టేజి మీద యాంప్ ఉండదు, నేరుగా మిక్సర్‌కే లైన్ ఇస్తాను. నా దగ్గరున్నది లైన్ 6 ఎచ్ఎక్స్ స్టాంప్, హంబకర్లు (హమ్‌ని తగ్గించే జంట కాయిల్ పికప్‌లు) ఉన్న లెస్ పాల్ తరహా గిటార్. పేర్లు ఆ యూనిట్‌వే చెబుతాను. మీ దగ్గర బాస్, మూర్, వాలెటన్, క్వాడ్ కార్టెక్స్ ఏది ఉన్నా పద్ధతి ఇదే, మెనూలు మాత్రమే వేరు.

ముందు ఏ ఫజ్ పెట్టాలో తేల్చుకోండి. మోడలర్లలో ఫజ్‌ల లిస్టు పొడుగ్గా ఉంటుంది గానీ వాటిలో చాలావరకు కొన్ని పాత సర్క్యూట్‌ల సంతానమే. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్‌లో రెండే ట్రాన్సిస్టర్లు, రెండే నాబ్‌లు. మొదట్లో జెర్మేనియం వాడారు, తర్వాత సిలికాన్‌కి మారారు. గిటార్ వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే చాలు, టోన్ మొత్తం మారిపోతుంది, అంత సున్నితం. స్టాంప్‌లో దీని పేరు ఆర్బిట్రేటర్ ఫజ్. న్యూయార్క్ కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ 1969 ప్రాంతంలో తెచ్చిన బిగ్ మఫ్‌లో నాలుగు ట్రాన్సిస్టర్ స్టేజిలు ఉంటాయి. సిగ్నల్‌ని రెండుసార్లు క్లిప్ చేస్తుంది (అంచుల్ని కోసేస్తుంది) కాబట్టి నోటు చాలాసేపు నిలబడుతుంది. ట్రయాంగిల్ ఫజ్, బిగ్‌హార్న్ ఫజ్, డార్క్ డవ్ ఫజ్ ఈ ఇంటివే. డార్క్ డవ్ రష్యన్ బిగ్ మఫ్‌కి మోడల్. ఇక 1995లో జీవెక్స్ తెచ్చిన ఫజ్ ఫ్యాక్టరీ, స్టాంప్‌లో ఇండస్ట్రియల్ ఫజ్. నాబ్‌ల మధ్య ఒక స్థానంలో అది తనంతట తానే కూస్తుంది, ఇంకో స్థానంలో నోటుని మధ్యలో కోసేస్తుంది. సోలోలో ఒక్క చోట వాడితే అద్భుతం, పాట మొత్తానికి అదే అంటే చెవులు అలసిపోతాయి.

రిఫ్‌లకి నేను డార్క్ డవ్ పెడతాను. కింది తీగల బరువు పోకుండా కరుస్తుంది. ఈ వ్యాసంలోని అంకెలు దానివే.

ఇన్‌పుట్ దగ్గరే సగం పని

మోడలర్‌లో ఫజ్ ప్లాస్టిక్‌లా వినిపిస్తోందని అనేవాళ్లలో చాలామంది ఇన్‌పుట్ సెట్టింగ్ వైపు చూసి ఉండరు.

గిటార్ పికప్ అంటే రాగి తీగ చుట్ట. దాని నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది, ఎదుటి పరికరం ఎంత లాగితే అంత మారిపోయే రకం. మామూలు యాంప్ ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్ ఇంపీడెన్స్‌తో (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉంటుంది, అంటే పికప్ మీద దాదాపు బరువు పడదు, ట్రెబుల్ మొత్తం అలాగే వస్తుంది. ఫజ్ ఫేస్ అలా కాదు. దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, కొన్ని కిలో ఓమ్‌లే. అది పికప్‌ని గట్టిగా లాగుతుంది, ట్రెబుల్ గుండ్రబడుతుంది, ముల్లులా గుచ్చే పైభాగం ఫజ్‌లోకి వెళ్లకముందే పోతుంది. గిటార్ వాల్యూమ్ ఏడుకి తగ్గించినప్పుడు ఫజ్ శుభ్రపడటం కూడా ఈ లాగుడు వల్లే, ఎందుకంటే పికప్‌కీ పెడల్‌కీ మధ్య ఆ వాల్యూమ్ పాట్ నిరోధకంలా వచ్చి కూర్చుంటుంది.

మోడలర్ ఇన్‌పుట్ ఎప్పుడూ ఒక మెగా ఓమ్ దగ్గరే ఉంటే ఇదేమీ జరగదు. స్టాంప్ ఇన్‌పుట్ బ్లాక్‌లో గిటార్ ఇన్-జెడ్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆటోలో పెట్టండి. ఆటోలో ఉన్నప్పుడు చెయిన్‌లో మొదట ఏ బ్లాక్ ఉంటే దానికి తగ్గ ఇంపీడెన్స్‌ని యూనిట్ తనే తెచ్చుకుంటుంది. కాబట్టి ఫజ్ మొట్టమొదటి బ్లాక్‌గా ఉండాలి. దానికి ముందు వా గానీ కంప్రెసర్ గానీ ఈక్యూ (ఫ్రీక్వెన్సీలని విడివిడిగా పెంచే, తగ్గించే బ్లాక్) గానీ పెడితే ఆటో ఆ బ్లాక్‌నే చూస్తుంది. తప్పనిసరిగా ముందు ఏదైనా పెట్టాల్సి వస్తే ఆటో వదిలేసి తక్కువ విలువని చేత్తో సెట్ చేయండి. బిగ్ మఫ్ రకాలకి ఈ పట్టింపు ఫజ్ ఫేస్ అంత ఉండదు గానీ అలవాటుగా ఫజ్‌ని ముందే ఉంచడం మంచిది.

గిటార్ నుంచి వైర్‌లెస్‌లో వచ్చేవాళ్లు, మోడలర్‌కి ముందు బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెడల్ పెట్టేవాళ్లు గమనించాలి. మోడలర్‌కి అప్పుడు కనబడేది పికప్ కాదు, ఆ పరికరం అవుట్‌పుట్. ఇంపీడెన్స్ ఎంత పెట్టినా తేడా ఉండదు. ఫజ్ పాటలకి కేబుల్ వాడండి. ఐదారు మీటర్ల మామూలు కేబుల్ చాలు.

కంప్యూటర్‌లో న్యూరల్ యాంప్ మోడలర్ అనే ప్లగిన్ వాడేవాళ్లూ ఉన్నారు. అది ఉచితం, బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఫజ్ పెడల్‌ని క్యాప్చర్ చేసినప్పుడు (దాని శబ్దాన్ని నమూనా ఫైల్‌గా తీసుకున్నప్పుడు) దానికి ఎదురుగా పికప్ ఉండదు, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటుంది. నాబ్‌లు ఒకే స్థానంలో ఉన్నప్పటి ఫోటో లాంటిది ఆ ఫైల్. గిటార్ వాల్యూమ్‌తో ఆడుకునే ఫజ్ కావాలంటే అసలు ఫజ్ పెడల్‌ని ఇంటర్‌ఫేస్‌కి ముందు పెట్టి, క్యాప్చర్‌ని యాంప్‌కి మాత్రమే వాడండి. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంప్లింగ్ రేటుతో లెక్కించడం) ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. ఫజ్ పుట్టించే హార్మోనిక్స్ (అసలు స్వరానికి గుణిజాలైన పై స్వరాలు) చాలా పైదాకా వెళ్తాయి. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో 24 కిలోహెర్ట్జ్ దాటినవి వెనక్కి మడతపడి కిందికి వచ్చి, మీరు వాయించని స్వరాలుగా వినిపిస్తాయి. పై ఫ్రెట్‌లలో బెండ్ చేసినప్పుడు వెనకాల ఇంకేదో శబ్దం కిందికి జారుతున్నట్టు ఉంటే అది ఇదే.

యాంప్, మిడ్స్

ఫజ్ సస్టెయిన్ నాబ్‌ని ఐదు దగ్గర మొదలుపెట్టండి. టోన్ కూడా ఐదే. ఫజ్ వాల్యూమ్‌ని మాత్రం ఏడు వరకూ పెంచండి. కరిచే గుణం కావాలంటే ఫజ్ లోపల కాదు, ఫజ్ వెళ్లి యాంప్‌ని గుద్దే చోట కావాలి.

యాంప్ మోడల్ మీద పెద్దగా చర్చ అక్కర్లేదు. ఎక్కువ గెయిన్ ఉన్న మెటల్ యాంప్ మాత్రం వద్దు, ఫజ్ మీద మళ్లీ అంత గెయిన్ పడితే అంతా ముద్దే. హైవాట్‌కి మోడల్ అయిన హూవాట్ 100 నాకు ఇష్టం. గట్టిగా గుద్దినా నిలబడుతుంది, మిడ్స్ ధారాళంగా ఉంటాయి. బ్రిట్ ప్లెక్సీ కూడా బాగుంటుంది. ఫెండర్ రకం యాంప్‌లలో మిడ్స్ సహజంగానే పల్లంలో ఉంటాయి, బిగ్ మఫ్‌తో కలిస్తే రెండు పల్లాలు ఒకే చోట పడతాయి. డ్రైవ్ మూడు, బేస్ మూడున్నర, మిడ్ ఏడున్నర, ట్రెబుల్ ఐదు, మాస్టర్ ఆరు. ఇవి నా అంకెలు, మీరు ఇక్కడ మొదలుపెట్టి కదపండి.

బిగ్ మఫ్ టోన్ సర్క్యూట్ నిర్మాణమే అంత, సుమారు ఒక కిలోహెర్ట్జ్ చుట్టూ ఒక గొయ్యి తవ్వుతుంది. ఒంటరిగా వాయిస్తే ఆ గొయ్యి వల్లే అది విశాలంగా, గంభీరంగా అనిపిస్తుంది. పెళ్లిలో సన్నాయి ఎంత మంది మాట్లాడుకుంటున్నా మైకు లేకుండా వీధి చివరిదాకా వినిపిస్తుందంటే దాని బలమంతా ఈ మధ్య ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి. ఫజ్‌కి ఆ బలం తిరిగి ఇవ్వాలి. అసలు ఫజ్ చరిత్ర మొదట్లో కూడా ఇదే ఉంది. నాష్‌విల్ స్టూడియోలో చెడిపోయిన ఒక కన్సోల్ ఛానెల్ నుంచి వచ్చిన శబ్దం నచ్చి, దాన్నే సర్క్యూట్‌గా చేసి 1962లో మేస్ట్రో ఎఫ్‌జెడ్-1 పేరుతో అమ్మినప్పుడు, గిటార్‌తో ఇత్తడి వాద్యాల శబ్దం తెప్పించవచ్చన్నట్టుగానే దాన్ని చూపించారు.

మిడ్స్ తిరిగి ఇవ్వడానికి నేను వాడేది స్క్రీమ్ 808 బ్లాక్, ట్యూబ్ స్క్రీమర్ మోడల్. ఫజ్ తర్వాత, యాంప్ ముందు. డ్రైవ్ సున్నా, టోన్ ఐదు, లెవెల్ ఏడు. ట్యూబ్ స్క్రీమర్‌కి 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుట్ట ఉంటుంది, కింది బేస్‌ని అదే కొంత కోస్తుంది. ఫజ్ గొయ్యి పక్కనే ఈ గుట్ట వచ్చి కూర్చుంటుంది. ఆన్, ఆఫ్ చేసి చూడండి. ఒంటరిగా వింటే ఆఫ్‌లోనే బాగుందనిపించవచ్చు. డ్రమ్స్ లూప్ పెట్టి మళ్లీ వినండి. బ్లాకులు సరిపోకపోతే పారామెట్రిక్ ఈక్యూలో 850 హెర్ట్జ్ దగ్గర నాలుగైదు డీబీలు, వెడల్పుగా పెంచినా పని జరుగుతుంది.

క్యాబ్, పైభాగంలో గరగర

ఫజ్ అసలు సిగ్నల్ భయంకరంగా ఉంటుంది. దాన్ని సంగీతంగా మార్చేది గిటార్ స్పీకరే. గిటార్ స్పీకర్ ఐదు కిలోహెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతుంది, అంటే అది స్పీకర్ మాత్రమే కాదు, ఫిల్టర్ కూడా. మోడలర్‌లో ఆ పని క్యాబ్ (స్పీకర్ పెట్టె) బ్లాక్‌ది. క్యాబ్ లేకుండా మిక్సర్‌కి ఇస్తే ఫజ్ తేనెటీగల గుంపే. మోడలర్‌ని నిజమైన యాంప్ రిటర్న్‌లోకి ఇస్తున్నప్పుడు మాత్రం క్యాబ్ తీసేయాలి, లేకపోతే రెండుసార్లు ఫిల్టర్ అయి దుప్పటి కప్పినట్టవుతుంది.

గ్రీన్‌బ్యాక్ స్పీకర్లున్న 4×12 (పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగు) క్యాబ్, దాని ముందు ష్యూర్ ఎస్ఎం57 రకం డైనమిక్ మైక్. మైక్ కోన్ మధ్యలో ఉంటే బాగా గుచ్చుతుంది. కొంచెం కొంచెంగా అంచు వైపు జరపండి. ఫజ్‌లో ఆ చిన్న కదలికే ఈక్యూ కన్నా ఎక్కువ పని చేస్తుంది. రెండు మైక్‌లు పెట్టే మోజు ఫజ్‌కి వద్దు. దూరాల్లో తేడా వస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, పోయేవి తరచూ మనకి కావాల్సిన మిడ్సే.

లో కట్ (దీని కిందివి తీసేస్తుంది) 100 హెర్ట్జ్, హై కట్ (దీని పైవి తీసేస్తుంది) 5.8 కిలోహెర్ట్జ్. తర్వాత మిగిలిన గరగరని వేటాడండి. క్యాబ్ తర్వాత పారామెట్రిక్ ఈక్యూ పెట్టి, ఒక బ్యాండ్‌ని బాగా సన్నగా చేసి పది డీబీలు పెంచండి. కింది E తీగ మీద ఒక పవర్ కార్డ్ (రూట్, ఫిఫ్త్ మాత్రమే ఉన్న కార్డ్) కొట్టి మోగుతుండగా ఆ బ్యాండ్‌ని రెండున్నర కిలోహెర్ట్జ్ నుంచి ఆరు దాకా నెమ్మదిగా నడపండి. ఒక చోట ఈల లాంటి, పళ్లు జివ్వుమనే శబ్దం వస్తుంది. నా ప్రీసెట్‌లో అది 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర, మీ దాంట్లో వేరే చోట ఉంటుంది. అక్కడే ఆగి, పెంచిన పదిని మైనస్ నాలుగు చేయండి. అంతకన్నా ఎక్కువ కోయకండి, కరిచే గుణం కూడా ఆ పక్కనే ఉంటుంది.

ఇదంతా ఎంత సౌండ్‌లో చేస్తున్నారన్నది చాలా ముఖ్యం. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, పై ట్రెబుల్ సరిగా వినబడవు, అందుకే ఇంట్లో వాటిని పెంచేస్తాం. షోలో సౌండ్ పెరిగాక ఆ రెండే మీద పడతాయి. వారానికోసారి రిహార్సల్ రూమ్‌లో అరగంట ముందు వెళ్లి, డ్రమ్మర్ వాయిస్తుండగానే హై కట్, బేస్, మిడ్ మూడింటినీ సరిచేసుకోండి. ఇంట్లో చేసేవాళ్లు కనీసం డ్రమ్స్, బేస్ ఉన్న ట్రాక్ మీద వాయిస్తూ చేయండి.

హమ్, గేట్, ఎర్తింగ్

ఫజ్ గిటార్ సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో కరెంటు హమ్‌ని కూడా అంతే పెంచుతుంది. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫజ్ దాన్ని క్లిప్ చేసి హార్మోనిక్స్ పుట్టిస్తుంది కాబట్టి అది అడుగున గుయ్‌మనే శబ్దంగా ఉండక, జుయ్‌మంటూ మిడ్స్‌లోకి వచ్చేస్తుంది. తర్వాత 50 దగ్గర ఎంత కోసినా పోదు. మూలంలోనే తగ్గించాలి. ఎల్ఈడీ డిమ్మర్ ఆపండి, ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, గిటార్‌ని గదిలో ఒక చుట్టు తిప్పి ఏ దిక్కులో నిశ్శబ్దంగా ఉందో అక్కడ నిలబడండి. సింగిల్ కాయిల్ గిటార్‌తో ఈ దిక్కు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తీగల మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గితే అది మామూలే. తీగలు ముట్టుకుంటే జిల్లుమంటే మాత్రం అది మామూలు కాదు. మైకుకి పెదవి తగిలినప్పుడు షాక్ కొట్టినా అంతే. వెంటనే ఆపి సాకెట్‌లో ఎర్త్ వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. టెంట్ కింద జరిగే షోలలో, కొన్ని పాత హాళ్లలో మూడో పిన్నుకి వైరే ఉండదు. హమ్ పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే పద్ధతి ప్రాణాల మీదికి తెస్తుంది, ఎవరు చెప్పినా చేయకండి.

గేట్ విషయానికొస్తే, స్టాంప్ ఇన్‌పుట్ బ్లాక్‌లోనే ఒక గేట్ (శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గితే మూసేసేది) ఉంటుంది. అది విడి బ్లాక్ కాదు కాబట్టి ఫజ్ మొదటి స్థానం చెడదు, ఆటో ఇంపీడెన్స్ కూడా చెడదు. గిటార్ చేతిలో ఉండి వాయించకుండా ఉన్నప్పుడు వచ్చే శబ్దం సరిగ్గా ఆగే చోట థ్రెషోల్డ్ (గేట్ మూసుకునే స్థాయి) పెట్టండి. నా గిటార్‌కి మైనస్ 52 డీబీ. డికే (మూసుకోవడానికి పట్టే సమయం) తక్కువగా పెట్టండి. గేట్ కేవలం హమ్ కోసం కాదు, రిఫ్ మధ్యలో చెయ్యి తీగల మీద పడగానే శబ్దం కత్తిరించినట్టు ఆగి, ఆ ఖాళీలో స్నేర్ ఒక్కటే పడితే వచ్చే దెబ్బ వేరు. ఎక్కువ గెయిన్‌తో ఎంత ప్రయత్నించినా ఆ దెబ్బ రాదు.

చేతులు

ఎంత సెట్ చేసినా ఫజ్ అన్ని కార్డ్‌లనీ ఒప్పుకోదు. కారణం లెక్కలో ఉంది. రెండు స్వరాలు ఒకేసారి క్లిప్ అయితే వాటి తేడా, వాటి కూడిక కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. కింది E స్వరం 82.4 హెర్ట్జ్, దాని పైన B 123.5. తేడా 41 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింది E. అందుకే పవర్ కార్డ్ ఫజ్‌లో అంత బరువుగా నేల అదిరినట్టు వస్తుంది. అదే E పక్కన మేజర్ థర్డ్ వాయించండి. జీ షార్ప్ 103.8, తేడా 21 హెర్ట్జ్ చిల్లర. పైగా ఫ్రెట్‌ల మీద మేజర్ థర్డ్ స్వచ్ఛమైన దానికన్నా 14 సెంట్లు (ఒక సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు) ఎక్కువ ఉంటుంది కాబట్టి పుట్టే స్వరాలన్నీ ఒకదానితో ఒకటి పొసగక గుడగుడలాడతాయి. మేజర్, మైనర్ కావాలంటే రూట్ మీరు పట్టుకుని థర్డ్‌ని బేస్ ప్లేయర్‌కి ఇవ్వండి, లేదా పై రెండు తీగల మీద విడిగా వాయించండి. ఆక్టేవ్‌లు ఎప్పుడూ బాగుంటాయి.

పిక్ 1 మిల్లీమీటరు లేదా ఆ పైన. బ్రిడ్జ్ పికప్. గిటార్ వాల్యూమ్ తొమ్మిది దగ్గర ఉంచి వాయించండి, పది సోలోకి దాచుకోండి. వెర్స్‌లో ఆరుకి తగ్గిస్తే డార్క్ డవ్ కూడా కొంత నోరు మూసుకుంటుంది. ఆర్బిట్రేటర్ అయితే దాదాపు క్లీన్ అయిపోతుంది, పెడల్ తొక్కే పనే ఉండదు.

షో రోజు మిక్సర్ దగ్గర ఉన్న ఇంజనీర్‌కి ముందే చెప్పండి: ఇది ఫజ్, క్యాబ్ సిమ్యులేషన్ లోపలే ఉంది, ఛానెల్‌లో హై పెంచొద్దు. సౌండ్‌చెక్‌లో క్లీన్ టోన్ కాకుండా ఫజ్ ఆన్ చేసి, మీరు షోలో కొట్టబోయే అంత గట్టిగా కొట్టి లెవెల్ ఇవ్వండి. ఫజ్ బాగా కంప్రెస్ అయి ఉంటుంది కాబట్టి మీటర్‌లో క్లీన్ కన్నా తక్కువ ఎత్తు చూపించినా చెవికి గట్టిగా వినిపిస్తుంది. అందుకే రెండు టోన్‌లనీ మీటర్ చూసి సమానం చేయకండి. బ్యాండ్ మొత్తం వాయిస్తుండగా మీ బేస్ ప్లేయర్‌ని హాల్ మధ్యలోకి పొడుగు కేబుల్‌తో పంపి, ఫజ్ వచ్చినప్పుడు పాట గొంతు వినబడుతోందా అని అడగండి. వినబడకపోతే ఫజ్ వాల్యూమ్‌ని అర పాయింట్ తగ్గించండి, మిడ్స్ జోలికి మాత్రం వెళ్లకండి.